పొట్టు పడని గింజ

మా పెద్దమ్మ పోయింది. నర్సింహులపేట నుంచి అన్న ఫోన్ చేసి చెప్పిండు. పొద్దున పిట్టలకు నూక పెట్టి, చేతులు కడుక్కొని మంచంల ఒరిగిందట. మళ్ల లేవలేదట. "ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదురా" అన్నడు. ఇబ్బంది పెట్టుడు, చెత్త చేసుడు మా పెద్దమ్మ లెక్కల ఒకటే. అన్నం తిన్నంక కొంగుతోని మూతి ఇటోసారి, అటోసారి తుడుచుకునేది. ఒక్క మెతుకు కింద పడినా అది ఎవరిదో విచారణ జరిగేది. చాలాసార్లు నాదే అని తేలేది.

ఆమెకు రెండే పిచ్చిలు. ఒకటి పిట్టలు, రెండోది చీపురు. ఈ రెండింటికీ అసలు పొసగదు. సూరుకు వడ్లకంకుల కుచ్చు కట్టేది. పిచ్చుకలు గింజ ఒలుచుకొని తిని, ఊకంత సాన్పు చల్లిన వాకిట్ల రాల్చేటివి. తడి మీద ఊక అతుక్కొని ముగ్గుకు అమ్మతల్లి పోసినట్టు కనపడేది. పెద్దమ్మ తిట్టుకుంట ఊడ్చేది. ఊడ్చినంక, కుచ్చుల గింజలు ఇంకా ఉన్నయా లేవా అని తలెత్తి చూసేది.

నిరుడు ఆమె మోకాళ్లు మొరాయించినయి. దవాఖానల వంగొద్దన్నరు. చీపురు మా వదిన చేతికి పోయింది. వదిన తెల్లారకముందే లేచి, ఇంటెడు పని చేసి మిర్చి ఏరవోయే మనిషి. ఆమె ఒకటే మాట చెప్పింది: "అత్తమ్మా, నీ పిట్టలను నేను వద్దంటలేను. కని పొట్టు పడితె మాత్రం నాతోని గాదు."

పెద్దమ్మ ఒక పూట అలిగింది. తర్వాత జనగామల ఉన్న నాకు ఫోన్ చేసింది. "డిగ్రీ సదివినవు గదరా. పొట్టు పడని గింజేదో చెప్పు."

నా చదువుకు అంత మర్యాద అంతకుముందు దక్కలేదు, తర్వాత కూడ దక్కలేదు. పొద్దుతిరుగుడు గింజలు కొని, బస్సెక్కి పోయి, వాటిల ఎంత బలముంటదో వాకిట్ల నిలబడి ఉపన్యాసం ఇచ్చిన. చిలుకలు దిగినయి. సాయంత్రానికి ఎటు చూసినా నల్లటి తొక్కలే. "ఆట వదిలినంక సినిమా హాలు లెక్కున్నదిరా" అన్నది పెద్దమ్మ, నా దిక్కు చూడకుండనే.

కొర్రలు పోసినం. వాటి పొట్టు గాలికి లేచి వదిన పప్పుల పడ్డది. జొన్నలకు మారినం. పొట్టు లేదని అందరం సంబురపడ్డం. కని పిట్టలు ఇడిసిన గింజలు వానకు బండల సందుల మొలిచినయి. ఇగ మంచె ఏసుకొని, ఆ పిట్టలనే కొట్టుకుంట కూసోండ్రి అన్నది వదిన.

అన్న చేన్ల పెట్టంగ మిగిలిన మక్క విత్తనాలు సంచిల తెచ్చిండు. పొట్టుండదు, పెద్ద గింజ, పుణ్యానికి వచ్చింది. పెద్దమ్మ ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. గింజ ఎర్రగ ఉన్నది. "మందు పట్టిచ్చిన ఇత్తనంరా ఇది. వాకిలి ఖరాబైతె ఊడ్సుకుంటం. పిట్ట సస్తె ఏం ఊడుస్తవు?" ఆ సంచి అట్లనే వాపసు పోయింది.

ఆఖరికి తొవ్వ తనే కనిపెట్టింది. జొన్నలను ఇసుర్రాయిల బరకగ ఇసిరి జల్లెడ పట్టింది. పిండి మనకు, నూక వాటికి. నూకకు పొట్టుండదు, పగిలిన గింజ మొలవదు. అది కూడ పిడికెడే గోడ మీద పెట్టేది. అది అయిపోయినంకనే ఇంకో పిడికెడు. తెల్లారి వదిన చీపురు పట్టుకొని వాకిలంత తిరిగింది. వంక దొరకలేదు. "పిట్టలకు బుద్ధొచ్చినట్టున్నది" అని లోపలికి పోయింది. కొన్నాళ్లకు ఇసుర్రాయి తిప్పుడు కూడ వదిన పనే అయింది. చెయ్యమని ఎవరూ అడగలేదు.

పెట్టుడు ఒక పని, పెట్టినంక ఎవరు ఊడ్వాలె అని ఆలోచించుడు ఇంకో పని. ఈ రెండోది నాకు ఏ కాలేజీలనూ చెప్పలేదు.

దినాల నాడు పెద్దమ్మకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరాకుల పెట్టి, గోడ మీద పెట్టినం. కాకి ముట్టిందాంక ఎవరం తినొద్దు. ఎండ నెత్తి మీదికొచ్చింది. కాకులు యాపచెట్టు మీద కూసొని చూస్తున్నయి గని దిగుతలేవు. అన్న దండం పెట్టిండు. ఆకలితోని నేను అంతకంటే భక్తిగ పెట్టిన. ఆడోళ్లల్ల గుసగుస లేచింది. కోడలు పిట్టలను వద్దన్నదట, ముసలిదాని మనసు దాంట్లనే ఉండిపోయింది, ఇగ ఎట్ల ముడ్తది అని. వదినకు వినపడ్డది. ఆమె మొఖం చూసి ఏదన్న నవ్వే మాట అందామనుకున్న.

వదిన ఒకసారి వాకిలంత చూసింది. టెంటు కింద చాయ్ కప్పులు, నలిగిన పూలు, పిల్లలు తిని పారేసిన అరటితొక్కలు. లోపలికి పోయి చీపురు తెచ్చింది. ఒక పెద్దమనిషి ఇప్పుడు ఊడ్వొద్దన్నడు.

"ఇట్లున్న వాకిట్లకు మా అత్తమ్మ రాదు మామా" అన్నది వదిన.

ఆ మూల నుంచి గేటు దాంక ఊడ్చింది. నీళ్లు చల్లింది. డబ్బల నుంచి పిడికెడు నూక తీసి, గోడ మీద పెద్దమ్మ రోజూ పెట్టే జాగల పెట్టి, వచ్చి కింద కూసున్నది.

కాకి దిగింది. ముందు నూకను పొడుచుకొని తిన్నది. తర్వాత ఆకు కాడికి జరిగి ఒక గారెను ముక్కుతోని ముట్టింది. ఆడోళ్లు చేతులెత్తి మొక్కిండ్రు. అన్న తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. నేను కాకినే చూస్తున్న. అది ఎగిరేముందు గోడ అంచుకు తన ముక్కును ఇటోసారి, అటోసారి తుడుచుకున్నది. వదిన కూడ చూసింది. ఒళ్లె చీపురు అట్లనే ఉన్నది, మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది.