ఫైలులో లేని నలభై ఏడు కాలనీలు

మార్కాపురం బస్టాండు వెనక శేషాద్రి నడిపే కంప్యూటర్ సెంటర్లో పోలమ్మ తొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. తల్లి పలకల ఫ్యాక్టరీలో రాతి దుమ్ము మింగి ఆమెను డిగ్రీ దాకా చదివించింది. పోలమ్మ టైపింగులో తప్పు పట్టినవాళ్లు ఇంతవరకు లేరు. జీతం పెంచినవాళ్లూ లేరు.

జిల్లాలు విడగొట్టిన మరుసటి ఎండాకాలం ఆ సెంటరుకు తాగునీటి పరీక్షల ఫలితాలు ఎక్కించే పని వచ్చింది. పన్నెండు మండలాల ఎక్సెల్ షీట్లను ఎక్స్ఎంఎల్ ఫైలుగా మార్చి ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టాలి. ఆ ఫైలులో ప్రతి అంకెకూ ముందూ వెనకా దాని పేరు తగిలించాలి. ఊరు, ఊరి లోపల కాలనీ, కాలనీ లోపల బోరు, బోరు లోపల ఫ్లోరైడు. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు ఎక్కడికి పోవాలో ఆ ఫైలు చూసే నిర్ణయిస్తారు.

మార్చే పని సాఫ్ట్‌వేర్ చేసేసింది. పోర్టల్ పచ్చ టిక్కు పెట్టింది. శేషాద్రి టీ తెప్పించాడు. పోలమ్మ మాత్రం అలవాటు కొద్దీ వరసలు లెక్కపెట్టింది. షీట్లలో మూడు వందల పన్నెండు. ఫైలులో రెండు వందల అరవై అయిదే.

తన ఊరు సున్నపురాళ్లపాలెం వెతికింది. ఉంది. ఫ్లోరైడు 1.1, తాగొచ్చు. ఆ ఊరి కాలనీ, తను పుట్టి పెరిగిన కాలనీ, ఎక్కడా లేదు. షీటులో 4.6 అని వేసి, తాగకూడదని గడికి ఎర్ర రంగు పూసి మరీ ఉంది.

షీటు మళ్లీ తెరిచాక ఆమెకు సంగతి అర్థమైంది. నీళ్లు పరీక్షించేవాళ్లు ఊరి పేరు ఒక్కసారి రాసి, కింది గడులన్నీ దానిలో కలిపేస్తారు. మొదటి వరస ఊరిది, కాలనీలు దాని కింద. అట్లా కలిపిన గడిలో పేరు మొదటి వరసకే దక్కుతుంది. మిగతా వరసలకు ఊరే లేదని సాఫ్ట్‌వేర్ వాటిని పారేసింది. ఎవరి వరస మొదట రాయాలో, ఎవరిది కింద రాయాలో ఏ మండలంలోనూ ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నేర్పకుండానే అందరికీ వచ్చు!

"శేషాద్రన్నా, ఈ ఫైలు వెనక్కి తీసుకో. నలభై ఏడు కాలనీలు ఎగిరిపోయినాయి."

"టిక్కు పడినాక ఏందమ్మా నీ గోల? అయిదింటికి గడువు. అయినా మిషను తీసేసింది, మనం తీసేయలేదు గదా."

"మిషనుకు తెలీదు. మనకు తెలుసు గదన్నా."

శేషాద్రి విసుక్కుంటూ నీటి సరఫరా ఇంజనీరుకు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాడు.

"కాలనీ అంటే ఊళ్లో భాగమేగా తల్లీ," అన్నాడు ఇంజనీరు తాపీగా. "ఊరి అంకె ఎక్కింది, చాలు. మిగతాది వచ్చే ఏడు చూద్దాం."

"ఊళ్లో భాగమైతే ఊరి బోరు దగ్గర మా బిందె ఎందుకు పెట్టనీరు సారూ? వచ్చే ఏడు దాకా మా నీళ్లు మీరు తాగుతారా? రోజుకు రెండు బిందెలు మీ ఇంటికి పంపిస్తా, మీ పిల్లలకు పొయ్యండి."

ఫోన్ కట్టయింది.

"నా నోట్లో మన్ను కొట్టినావు గదే," అన్నాడు శేషాద్రి.

పోలమ్మ నలభై ఏడు కాలనీల పేర్లూ వాటి ఫ్లోరైడు అంకెలూ ఒక పేజీలో ఎక్కించింది. 'ఈ ఎండాకాలం వీటికి ట్యాంకరు లేదు. ఎందుకో ఇక్కడ అడగండి' అని కింద ఇంజనీరు ఆఫీసు నంబరు వేసింది. తమ కాలనీలో ఆటో నడిపే యాకోబుకు పంపింది. యాకోబుకు ప్రతి కాలనీలోనూ ఒక చుట్టమో స్నేహితుడో ఉన్నారు. మధ్యాహ్నానికల్లా గిద్దలూరు నుంచి పొదిలి దాకా ఆ పేజీ పాకిపోయింది.

నాలుగింటికి ఇంజనీరే ఫోన్ చేశాడు. ఈసారి తల్లీ లేదు, తాపీ లేదు.

"ఆ ఫైలు ఆపిస్తున్నా. సరిచేయడానికి ఎన్ని రోజులు కావాలి?"

"రెండు."

రెండు రోజులూ ఆమె గడులు విడదీస్తూ, ప్రతి వరసలో ఊరి పేరు చేత్తో కొడుతూ కూర్చుంది. మూడో రోజు ఫైలు ఎక్కింది, మూడు వందల పన్నెండు వరసలతో. ఆ సాయంత్రమే శేషాద్రి నెల జీతం లెక్కగట్టి చేతిలో పెట్టాడు. "నువ్వు మంచిదానివే పోలమ్మా. నా యాపారానికి మాత్రం పనికిరావు."

పై వారం సున్నపురాళ్లపాలెంలోకి ట్యాంకరు వచ్చింది. ఊరి నడుమ నలుగురు పెద్దమనుషులు దాన్ని ఆపారు.

"ఈడనే దింపు. వాళ్లొచ్చి పట్టుకుంటార్లే."

డ్రైవరు కాగితం చూపించాడు. "దీంట్లో కాలనీ అని ఉంది పెద్దాయనా. సంతకమూ కాలనీవాళ్లే పెట్టాల. ఈడ దింపితే నా ఉద్యోగం పోద్ది."

కాలనీలో పైపు తిప్పేసరికి బిందెల వరస చర్చి దాకా సాగింది. అందులో పోలమ్మా ఉంది. ముందు నిలబడ్డ పేతురు ఊరుకోలేదు.

"ఏందమ్మే, కంప్యూటరమ్మ గూడా లైన్లోకి వచ్చినాదే! డూటీ లేదా ఈరోజు?"

"పీకేసినారు మామా. ముందుకు జరుగు, నీళ్లు పోతన్నాయి."