సగం నింపిన ట్యాంకు

విమానమంటే నాకు రోత. ఎక్కక తప్పదు కాబట్టి ఎక్కుతాను. జెడ్డాలో ఒక సేటు దగ్గర కారు నడుపుతాను. సెలవు మీద కోరుట్ల వచ్చి వెళ్లిన ప్రతిసారీ ముందు సీటుకు మోకాళ్లు ఒత్తుకుంటూ, పక్కవాడి మోచేయి డొక్కలో గుచ్చుకుంటూ, ఎప్పుడు దిగుతానా అని చూస్తాను. మా గల్లీలోనే ఉండే లతీఫుద్దీన్‌కు మాత్రం విమానమంటే ప్రాణం.

లతీఫ్ ఇంకో గల్ఫ్ దేశపు ఎయిర్‌పోర్టులో నీళ్ల బండి నడుపుతాడు. విమానం ఆగగానే దాని పొట్ట కింద బండి నిలిపి, పైపు తగిలించి, లోపలి ట్యాంకులో నీళ్లు పట్టాలి. పైన బాత్రూముల్లో నల్లా తిప్పితే వచ్చే నీళ్లు అవే. సెలవుకు వచ్చాడంటే బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుని, పెళ్లి సంబంధాలు చెప్పినంత వివరంగా విమానాల వంశాలు చెప్పేవాడు.

"నాలుగింజన్ల ఖాందాన్ ఒడిసింది, జలపతన్నా. గిప్పుడు రెండింజన్ల దానిదే రాజ్యం. అండ్ల గూడ పాతయి ముసలియైతె సీట్లు పీకి కార్గో మోయిస్తున్నరు. అదే ఖాందాన్ల కొత్తగ పుట్టిన పిల్ల ఉన్నది సూడు, ఇంజన్ మూతి గింత పెద్దగుంటది. రెక్క కొస మీదికి వంగుంటది. పాతది ఐదు చెంబుల పెట్రోల్ తాగే కాడ గిది నాలుగే తాగుతది."

"అండ్ల నా మోకాళ్లు పడ్తయా మరి?" అన్నాను.

"గది వేరే ముచ్చట" అని చాయ్ తాగేవాడు.

నాకు ఒళ్లు మండేది. పెట్రోలు మిగలాలంటే బరువు తగ్గాలట. దానికోసం సీట్లను అట్టముక్కల్లా పలచన చేశారు. మిగిలిన జాగాలో ఇంకో రెండు వరసలు ఇరికించారు. బాత్రూమును అల్మారా అంత చేశారు. అదీ చాలక చివరికి నీళ్ల మీద పడ్డారు. ట్యాంకు సగానికి మించి నింపొద్దని లతీఫ్‌కు పైనుంచి హుకుం వచ్చింది. ఆ సంగతి కూడా వాడు మురిసిపోతూనే చెప్పాడు. మిగిలిన నీళ్లను అంత దూరం మోసుకుపోవడం దండగ కదా అన్నాడు. కార్గో పెట్టెకూ కూర్చున్న మనిషికీ తేడా తెలియని బుద్ధి అది. వాడు మంచివాడే. ఆ మాటకు మాత్రం నేను చాయ్ సగంలో వదిలి లేచాను.

వాడి తల్లి సర్వర్ బీ కోరుట్లలో బీడీలు చుట్టి బతికిన మనిషి. నడుము వంగినా నమాజు తప్పలేదు. ఉమ్రాకు వెళ్లి మక్కా చూసి రావాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక. ఈసారి లతీఫ్ జగిత్యాలలో ఉమ్రాకు తీసుకెళ్లే ఒక గ్రూపుతో మాట్లాడి తల్లిని తానే తీసుకుపోయాడు. కొత్త విమానమని చూసి మరీ టికెట్లు తీశాడు. నేను జెడ్డాకు తిరుగు ప్రయాణమయ్యేది కూడా దాంట్లోనే పడింది. సర్వర్ బీ సంచిలో కడుక్కోవడానికి ముక్కున్న ప్లాస్టిక్ లోటా పెట్టుకుంటుంటే లతీఫ్ నవ్వాడు. "అండ్ల నల్లా ఉంటది అమ్మీ" అన్నాడు.

హైదరాబాద్‌లో ఎక్కిన దగ్గర్నుంచి వాడు తల్లికి రెక్క చూపించాడు, ఇంజన్ చప్పుడు ఎంత తక్కువో వినిపించాడు. ఆమె అన్నిటికీ తలూపింది. మక్కాకు చాలా దూరంలోనే ఒక హద్దు ఉంటుంది, మీఖాత్ అంటారు. అది దాటేలోపే ఉమ్రా సంకల్పం చెప్పుకోవాలి. వాళ్ల మాటలో నియ్యత్. ఆ సమయానికి ఒళ్లు శుభ్రంగా ఉండాలని, నమాజుకు ముందులా ముఖం, కాళ్లు చేతులు కడుక్కుని వజూతో ఉండాలని ఆమె పట్టుదల. విమానంలో సగానికి పైగా ఉమ్రా యాత్రికులే. అందరిదీ అదే ఆలోచన. వెనకున్న ఆ రెండు అల్మారాల ముందు వరస కట్టారు.

నేనూ ఒకసారి వెళ్లొచ్చాను. నేలంతా తడి. ఆ తడి ఏమిటో తెలియదు. నానిన కాగితాలు కాళ్ల కింద ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. కమోడు నిండి పైకి తేలింది. మనిషి అటూ ఇటూ తిరగడానికి లేదు. లోకంలో గొప్ప ఇంజన్ తయారు చేసిన తెలివి, ముసలివాళ్లు కడుక్కునే చోటికి వచ్చేసరికి ఇట్లా ఏడ్చింది. ఛీ అనుకుంటూ బయటపడ్డాను.

సర్వర్ బీ వంతు వచ్చింది. లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. లతీఫ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి తలుపు సందులోంచి లోటా పట్టుకున్న చెయ్యి బయటికి వచ్చింది. లోటా ఖాళీగా ఉంది. నల్లా ఎండిపోయింది. ఆ సంగతి ఆమెకు పని అయ్యాకే తెలిసింది.

లతీఫ్ విమానంలో పనిచేసే అమ్మాయిని నీళ్లు అడిగాడు. సగమే నింపిన ట్యాంకు ఖాళీ అయిందని, తాగే నీళ్లు బాత్రూముకు ఇవ్వడానికి లేదని చెప్పి ఆమె కాగితాల కట్ట చేతిలో పెట్టింది. లతీఫ్ దాన్ని తల్లికి అందించాడు.

"కాయితమా?" అన్నది సర్వర్ బీ లోపల్నుంచి. "కాయితం కాలికి తగిల్తెనే కండ్లకద్దుకుంటం గద బేటా."

నేను సీట్ల మధ్య తిరిగి అడిగాను. ఎవరి సీసా వాళ్లు దాచుకున్నారు. వాళ్లకూ వజూ కావాలి. ఒకాయన చేతిలోని సీసాను దుప్పటి కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నా గ్లాసులో మిగిలిన గుక్కెడు నీళ్లు తెచ్చి లోటాలో పోశాను.

"నీ పేర్లనే నీళ్లున్నయి గద జలపతీ, ఇంకిన్ని దొరుకయా?" అన్నదామె.

దొరకలేదు. ఆమె బయటికి వచ్చి సీట్లో కూర్చోనన్నది. తాను కూర్చుంటే సీటు కూడా నాపాక్ అయి మైలపడుతుందని నిలబడింది. బెల్టు పెట్టుకోవాలని ఆ అమ్మాయి గద్దించింది. లతీఫ్ తన కండువా మడిచి పరిస్తే దాని అంచు మీద ఒదిగింది. అంతలో మీఖాత్ వస్తోందని మైకులో చెప్పారు. విమానమంతా ఒక్కసారిగా లబ్బైక్, నీ సన్నిధికి వచ్చాను, అంది. ఆమె దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుంది.

"అను అమ్మీ. గిట్లున్నా నియ్యత్ చెల్తది, గ్రూపు పెద్దమనిషి చెప్తున్నడు" అని లతీఫ్ బతిమాలాడు.

"నేను గలీజుతోని ఆ పైవాని పేరు ఎట్ల దీసుకుందు?" అన్నది. హద్దు దాటిపోయింది. ఆమె నియ్యత్ చెప్పలేదు. మా ముందు సీటు వెనక, ఈ విమానం పెట్రోలు ఎంత పొదుపు చేస్తుందో గొప్పగా రాసి అంటించారు. గోటితో దాన్ని గీకి పారేయాలనిపించింది.

జెడ్డాలో దిగగానే ఆమె ఆడవాళ్ల బాత్రూములోకి వెళ్లింది. లోపల నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది. మేమిద్దరం బయట సామాన్ల దగ్గర నిలబడ్డాం. మళ్లీ మీఖాత్ దాకా రోడ్డు మీద వెనక్కి పోయి నియ్యత్ చెప్పుకుని రావాలి. సేటును అడిగి కారు తెస్తానని నేనన్నాను. లతీఫ్ సరే అన్నాడు. సర్వర్ బీ తడి ముఖంతో బయటికి వచ్చింది. తల్లీకొడుకులు ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, ఇందాకటి మాటలూ అందులోనివే. నన్నూ కలుపుకోవాలనేమో, ఈసారి తెలుగులోనే అడిగింది.

"నువ్వు నీళ్లువట్టే విమానాలల్ల గూడ సగమేనా?"

"సగమే అమ్మీ. హుకుం."

"అండ్ల ముసలోళ్లు ఎక్కరా?"

"ఎక్కుతరు."

"మరి వాళ్లు ఎట్ల కడుక్కున్నరు?"

లతీఫ్ నా వైపు చూశాడు. నేను సేటుకు ఫోను చేయడానికి పక్కకు నడిచాను.