మా వదిన బొంగురు గొంతు

ఒకప్పుడు మా వదిన పాడుతుంటే పొయ్యి మీద పొంగబోయే పాలు కూడా ఆగి వినేవి. ఈ మాట నేనెన్నోసార్లు చెప్పాను, మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదనగలిగేవాళ్లు ఆ రోజుల్లో పుట్టలేదు.

సాయంత్రాలు కచేరీలు, పగళ్లు బడిలో సంగీతం పాఠాలు. అరిచి, పాడి, మళ్లీ అరిచి, గొంతులో కాయ కట్టింది. ఆపరేషన్ చేసి తీశారు. కాయతో పాటు తేనె కూడా పోయింది. మిగిలింది తుప్పు పట్టిన గేటు తీసిన చప్పుడు. కచేరీలకు పిలుపులు ఆగిపోయాయి. బడి ఉద్యోగం ఒక్కటే మిగిలింది.

వార్షికోత్సవం దగ్గర పడ్డాక, హెడ్ మిస్ట్రెస్ గారు పాట వినడానికి వచ్చారు. పిల్లలు పల్లవి అందుకున్నారు. క్లాసు క్లాసంతా బొంగురు గొంతే! పైగా చరణానికి ముందు అందరూ ఒక్కసారిగా "ఖుహూ" అని దగ్గారు, తాళం తప్పకుండా. టీచరు ఎలా పాడితే అలా నేర్చుకున్నారు పాపం. దగ్గు కూడా పాటలోదే అనుకున్నారు.

"ఇది పాటల క్లాసా, ఛాతీ ఆసుపత్రా?" అన్నారామె. మర్నాటికల్లా ఒక స్పీకరు తెప్పించారు. అందులో ఎవరిదో చక్కటి గొంతు రికార్డు చేసి ఉంది. "మీరు బటన్ నొక్కి పక్కన కూర్చోండి టీచర్ గారూ. జీతం జీతమే."

ఆ సాయంత్రం వదిన డోళ్లు బాగుచేసే కొట్టుకు వెళ్లింది. వాద్యగాళ్లు పని లేనప్పుడు చేరే చోటది. నేనూ వెంట వెళ్లాను. నాకు సంగీతం రాదు, టీ తాగడం వచ్చు.

"నొక్కు తల్లీ, పోయేదేముంది?" అన్నాడు ఫిడేలు మాస్టారు. "నేను హోటల్లో వాయిస్తా. తినేవాళ్ల చెంచాల చప్పుడుకి నా ఫిడేలు పక్కవాద్యం. ఎవరైనా వింటున్నారా?"

"నేను వింటున్నా కదా మాస్టారూ," అన్నాడు కొట్టు యజమాని, డోలుకు తోలు బిగిస్తూ. అతనూ పెళ్లిళ్లలో డోలు వాయిస్తాడు. "ఒక చెవితో."

"అదేంట్రా?"

"ఎడం చెవి పోయింది. చాన్నాళ్లయింది."

"ఎప్పట్నుంచి?"

"మీరు నా పక్కన వాయించడం మొదలెట్టినప్పట్నుంచి."

అందరం నవ్వాం. నవ్వయ్యాక మాస్టారు మెల్లగా అడిగాడు. "మరి చెప్పలేదేరా?"

"చెప్తే మళ్లీ ఎవరు పిలుస్తారు? మీ వేళ్లు వణుకుతున్నాయని మీరు చెప్పారా?"

మాస్టారు చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

"చూశారా!" అంది వదిన. "చెవి పోతే దాస్తాం, చెయ్యి వణికితే దాస్తాం. ఇప్పుడు నన్ను స్పీకరు వెనక దాక్కోమంటున్నారు. నేను దాక్కోను."

"అక్కా, పిల్లల గొంతులు కూడా పాడైతేనో?" అన్నాడు కొట్టు యజమాని.

ఆ మాట వదినకు సూటిగా తగిలింది. "అది మాత్రం నిజమేరా. అది నా తప్పు. రేపే దిద్దుతా."

మర్నాడు స్పీకరును బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్లలతో, "ఈ బొంగురూ, ఈ దగ్గూ నా గొంతుకు తగిలిన దెబ్బ. ఇది పాటలోది కాదు. దీన్ని నేర్చుకోకండి. నా దగ్గర రాగం తీసుకోండి, గొంతు మాత్రం మీదే వాడండి," అంది.

"నొప్పా టీచర్?"

"ఇప్పుడు లేదు."

"మళ్లీ బాగవుతుందా?"

"అవదు."

"మరి ఎందుకు పాడతారు?"

"పాట వచ్చు కాబట్టి."

గుమ్మంలో హెడ్ మిస్ట్రెస్ గారు నిలబడి ఉన్నారు. "స్పీకరేదీ?"

"బీరువాలో ఉందండీ. బటన్ నొక్కడానికి బంట్రోతు చాలు, నేనక్కర్లేదు. నన్ను తీసేస్తే తీసేయండి. కానీ గొంతు బాగాలేదని తీసేయండి, పాఠం బాగాలేదని కాదు. ముందు వీళ్లు పాడేది వినండి."

పిల్లలు పాడారు. ఎవరి గొంతు వాళ్లదే. ఒకడిది బూర, ఒకతెది గంట, ఒకడిది తలుపు సందులో పడ్డ పిల్లి. కానీ పాట పాటలాగే వచ్చింది. హెడ్ మిస్ట్రెస్ గారు చాలాసేపు ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకున్నారు.

"సరే. పాఠం మీరే చెప్పండి. సభలో మాత్రం తెర వెనక నిలబడండి. పెద్దలొస్తారు."

"పెద్దలకీ చెవులుంటాయి కదండీ," అంది వదిన.

సభ రోజున తెర ముందే నిలబడింది. మైకు తన ఎత్తుకు దించుకుని, ఆ బొంగురు గొంతుతోనే శ్రుతి ఇచ్చింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్లలు బెదిరి వదిన వైపు చూశారు.

వదిన ఆ వరస కేసి తిరిగి నిదానంగా చూసింది. మళ్లీ శ్రుతి ఇచ్చింది, ఈసారి ఇంకాస్త గట్టిగా.

పిల్లలు అందుకున్నారు.