ఈదమ్మవ్వ దిగిన బండి

దయ్యం పట్టిందని ఎవరినైనా మా వార్డుకు తీసుకొస్తే, నేను ముందు థర్మామీటర్ పెట్టేదాన్ని. సగం దయ్యాలు జ్వరం బిళ్లకే దిగిపోయేవి. నర్సుగా ఎన్ని చావులు చూశానో నాకే గుర్తులేదు. ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించిన పాపాన పోలేదు. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ అని కూడా అనను. ఏమనాలో తెలియకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం వదిలేసి, మా ఆయన సామ్యేలుతో కలిసి కొల్లాపూర్‌లో ఒక వ్యాను నడపడం మొదలుపెట్టాను. ఆయన అప్పటిదాకా లారీ డ్రైవరు. పాత వ్యాను కొని, సీట్లు తీసేసి, మంచం వేయించాం. ప్రాణం మీదికొచ్చిన కేసుల కోసం కాదు. కాలు విరిగినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, ఆపరేషన్ తర్వాత కట్టు మార్పించుకోవాల్సినవాళ్లు బస్సెక్కలేరు కదా. వాళ్లను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లి, చూపించి, మళ్లీ ఇంట్లో దించాలి. జనం ఎగబడతారనుకున్నాం.

ఎగబడడం మాట దేవుడెరుగు, మా బండి వీధిలోకొస్తే తలుపులు వేసుకునేవాళ్లు. మా దిక్కున మంచమున్న బండి అంటే దవాఖాన నుంచి శవాన్ని తెచ్చే బండే. మొదటి వారంలో ఒక టైలరును దవాఖాన నుంచి తెచ్చి, అతని ఇంటి ముందు ఆపామో లేదో, చుట్టుపక్కల ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ వచ్చేశారు. లోపల మంచం మీదున్న ఆ టైలరేమో, "ఎవరు వోయిండ్రే?" అని అడుగుతున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. మా ఆయనకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

శవం ఎక్కిన బండిలో రోగి ఎక్కడు. ఎక్కితే తనూ ఆ దారే పడతాడని భయం. అందుకే మా ఆయన బజారులో నలుగురి ముందు ఒట్టేశాడు, ఈ బండిలో శవాన్ని ఎక్కించేది లేదని. దాంతో తిట్లు మొదలయ్యాయి. చచ్చినవాణ్ని ఇంటికి చేర్చడం పుణ్యం కాదా అని శవం కోసం వచ్చినవాళ్లు తిట్టిపోయేవారు. రోగులేమో అప్పటికీ రాలేదు. ఆ ఎండాకాలం దాకా చూసి అమ్మేద్దామనుకున్నాం. అమ్మితే ఆయన మళ్లీ లారీ ఎక్కాలి, నేను మళ్లీ ఉద్యోగం కోసం ఎవరి కాళ్లో పట్టుకోవాలి.

అప్పుడు వచ్చింది ఈదమ్మవ్వ. కృష్ణ ఒడ్డు పల్లెలో ముసలమ్మ, తుంటి విరిగి పడుకుంది. కొడుకు కుర్మయ్య మా బండిని చూసి వెనకాడుతుంటే, ఆమే వాణ్ని గదిమి ఎక్కింది. నెలకోసారి మహబూబ్‌నగర్ పోయి వచ్చేది. దారి పొడుగునా నన్ను ఆటపట్టించేది, దవాఖానలో కనబడ్డవాళ్లందరికీ మా బండి సంగతి చెప్పేది. ఆమె పుణ్యాన నాలుగిళ్లవాళ్లు వచ్చారు. వాళ్లు కూడా బండిని వీధి చివరే ఆపమనేవారు.

ఒకసారి నా చెయ్యి పట్టుకుని అంది: "నీ బండిల నేను సావ బిడ్డా. నీ మొగని మాట వోనియ్య."

గట్ల మాట్లాడొద్దని కసిరాను.

ఆ ఎండాకాలమే ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కొన్నాళ్లు దవాఖానలో ఉంచుకుని, ఇంక ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. బతికున్న మనిషే కదా, ఎక్కించుకున్నాం. వెనక నేను, కుర్మయ్య కూర్చున్నాం. మొదట్లో ఉక్కపోతగా ఉందని సణిగింది కూడా.

బిజినేపల్లి దాటాక ఆమె తల ఒక పక్కకు వాలింది. మణికట్టు పట్టుకున్నాను. మెడ దగ్గర చూశాను. బండి ఆపించి, కదలకుండా ఉన్నప్పుడు ఛాతీకి చెవి ఆనించాను. టార్చి వేస్తే కంటిపాప కదల్లేదు. వార్డులో ఎన్నిసార్లు చేసిన పనో అది. పోయిందని చెప్పాను.

కుర్మయ్య ఏడవలేదు. "ఈడనే దించున్రి అక్కా. ఎడ్లబండి మాట్లాడుకుంట. మీ పొట్ట గొట్టొద్దు" అన్నాడు.

మా ఆయన రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడా చెట్టు నీడ లేదు.

"అవ్వను గీ ఎండల పండవెడ్తమా? కూసో. పోతే బండి వోతది."

నేను దుప్పటి ఆమె ముఖం మీదికి లాగాను. ఏడ్చాను. ఆమె కోసం కొంత, బండి కోసం కొంత, ఉన్నమాట చెప్తున్నా.

ఆ గతుకుల రోడ్డు మీద ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఈదమ్మవ్వ వస్తుందని వీధంతా బయటే ఉంది. మా ఆయన వచ్చి వెనక తలుపు తీశాడు. దుప్పటి ఆమె ఛాతీ మీదుంది, ఎప్పుడు జారిందో నేను చూడలేదు. కళ్లు తెరిచి ఉన్నాయి.

"ఇల్లొచ్చిందా?" అంది.

అందరూ విన్నారు. నలుగురు మోసుకెళ్లి అరుగు మీద పడుకోబెడితే, కోడలి చేతి నీళ్లు రెండు గుక్కలు తాగింది. తాగుతుండగా నేను మణికట్టు పట్టుకున్నాను. నా వేళ్లకు ఏమీ తగల్లేదు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది, కోడలు కేక పెట్టింది.

దవడకు గుడ్డ కట్టడానికి నన్నే పిలిచారు. దవడ అప్పటికే బిగుసుకుపోయింది, మెడ కూడా. అలా బిగియడానికి గంటలు పడుతుంది. ఆ నోరే ఇందాక నీళ్లు మింగింది.

తర్వాత ఒక డాక్టరును అడిగాను. నాడి సన్నగా కొట్టుకుంటుంటే నువ్వు పట్టలేకపోయావన్నాడు. అయ్యుండొచ్చు. దవడ సంగతి అడిగితే మాట మార్చాడు.

అవ్వ మా బండిలోంచి ప్రాణంతో దిగిందని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. ఆ తర్వాత బండిని వీధి చివర ఆపమని ఎవరూ అనలేదు. తొంభైలంతా అదే మాకు అన్నం పెట్టింది. ఈ బండిలో శవం ఎక్కలేదు కదా అని ఎవరైనా అడిగితే, మా ఆయన టైర్లు చూసే నెపంతో వెనక్కి పోయేవాడు. లేదని నేనే చెప్పేదాన్ని.

కొన్నేళ్లకు కుర్మయ్య తన భార్యను చూపించడానికి మా బండిలోనే వచ్చాడు. దవాఖాన వరండాలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, ఆ రోజు నువ్వేం చూశావని.

"నేనేం సూడలే అక్కా. దారంత అమ్మ చెయ్యి వట్టుకోనే కూసున్న. గంత ఎండల గుడ సల్లగుండె."

మళ్లీ ఎప్పుడు వెచ్చబడిందని అడిగాను.

"వెచ్చగ గాలే అక్కా," అన్నాడు. "నీళ్లు తాగినప్పుడు గుడ గట్లనే ఉండె."

అడిగి తెలుసుకోదగ్గ మనిషి ఇంకెవరూ లేరు.