తిరగేసి కడిగిన ఫొటో

దయ్యాలంటే నాకు నవ్వు. పిల్లకి జ్వరమొచ్చిందని ఎవరైనా దిష్టి తియ్యబోతే, ముందు మందు వెయ్యండి అని కసురుకునే రకాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ బయట పెట్టలేదు. మొన్న అలమర సర్దుతుంటే ఆ ఫొటో మళ్ళీ చేతికొచ్చింది. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

తొంభైల్లో మావారికి ఢిల్లీ కంటోన్మెంట్‌లో పోస్టింగ్. మా తమ్ముడు రవి ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదివేవాడు. చదువుతున్నాడని మేమనుకునేవాళ్ళం. వాడి ప్రాణమంతా మావారిచ్చిన పాత కెమెరా మీదే ఉండేది.

కోచింగ్ ఎగ్గొడుతున్నాడని తెలిసి, అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసి చెడామడా తిట్టింది. "కెమెరా మెళ్ళో వేసుకుని ఊరేగడానికిట్రా నిన్ను పంపింది?" అంది. వాడు మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. పదిహేను రోజుల తర్వాత వాడికి జ్వరం వచ్చి మెదడుకి పాకింది. అమ్మ రైలు దిగేసరికే స్పృహ లేదు. నాలుగో రోజు పోయాడు.

అప్పట్నుంచీ అమ్మది ఒకటే ప్రశ్న. "వాడు నా మీద కోపంతోనే పోయాడంటావా?" లేదమ్మా అని వందసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా అబద్ధమాడుతున్నట్టే ఉండేది. నాకు మాత్రం ఏం తెలుసు?

వాడి కెమెరాలో సగం వాడిన రీలు ఉండిపోయింది. మా బజార్లో ఒక స్టూడియోలో ఇచ్చి కడిగించాను. బస్టాపు, గదిలో గడ్డం గీసుకుంటున్న స్నేహితుడు, ఇలాంటివే. ఒక్కటి మాత్రం వేరు. పూతకొచ్చిన ఆవాల చేను. దాని వెనక సగం కూలిన పాత గుమ్మటం, ఎడమ పక్కన మెట్లు. అంతా పల్చటి పొగమంచులో తేలుతున్నట్టుంది. ముందు నేల మీద రెండు నీడలు సాగి పడ్డాయి. పొట్టి నీడకి తల మీద ముసుగు, చేతిలో ఏదో వేలాడుతోంది.

ఎవరో అమ్మాయి అనుకున్నాను, నిజం చెప్పాలంటే. వాడి స్నేహితుణ్ణి అడిగితే, "లేదక్కా, ఒక్కడే వెళ్ళాడు. వసంత్ కుంజ్ బస్సు నేనే ఎక్కించాను" అన్నాడు.

మావారు ఫొటో చూసి, "తీసేవాడి నీడైతే మోచేతులు పైకి లేచి ఉండాలి కదా. ఈ ఇద్దరి చేతులూ కిందికే ఉన్నాయేంటి?" అన్నారు. మీకన్నీ అనుమానాలే అని కొట్టిపారేశాను.

ఏడాది తిరిగి మళ్ళీ చలికాలంలో అమ్మ వచ్చింది. వాడు నిలబడ్డ చోట తనూ ఒకసారి నిలబడాలంది. రెండుసార్లు వెళ్ళాం. వసంత్ కుంజ్ దాటాక పొలాల్లో అలాంటి గుమ్మటమే కనిపించింది కానీ, మెట్లు కుడి పక్కనున్నాయి. ఇది కాదులే అనుకుని వచ్చేశాం.

పెద్ద ప్రింటు వేయిద్దామని స్టూడియోకి వెళ్తే, ఆయన నెగటివ్ వెలుతురుకి పట్టి చూసి నాలిక్కరుచుకున్నాడు. "బహెన్‌జీ, యే తో ఉల్టా ఛప్ గయా" అన్నాడు. నెగటివ్ తిరగేసి పెట్టి కడిగాడట. సరిగ్గా వేసిచ్చిన ప్రింటులో మెట్లు కుడి పక్కకొచ్చాయి. మేం చూసి వదిలేసిన గుమ్మటమే అది.

మూడోసారి వెళ్ళేసరికి సాయంత్రం నాలుగవుతోంది. చలికి అమ్మ నా శాలువా తల మీదుగా కప్పుకుంది. వాడికిష్టమని పులిహోర చేసి క్యారేజీలో తెచ్చింది. ఎందుకమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. గుమ్మటం ఫొటోలో ఉన్నట్టే కనిపించే చోటు దొరికాక, ప్రింటు బ్యాగులో పెట్టి చేతులు దించాను. అప్పుడు నేల కేసి చూశాను.

ఎడమ పక్క నా నీడ, కుడి పక్క అమ్మ నీడ. తల మీద ముసుగు. చేతిలో క్యారేజీ.

ప్రింటు మళ్ళీ తీసి చూశాను. అవే. మా నీడలే. మేం కావాలని అలా నిలబడింది లేదు. అమ్మకి చెప్పాలా వద్దా అనుకుంటున్నాను.

అమ్మ నేల కేసి చూడనేలేదు. చేను కేసే చూస్తూ, శాలువా అంచు సవరించుకుని, మెల్లగా అంది. "కదలకే. వాడు తీస్తున్నాడు."

ఆ తర్వాత అమ్మ తొమ్మిదేళ్ళు బతికింది. వాడికి కోపమా అని మళ్ళీ అడగలేదు. స్టూడియో ఆయన నెగటివ్ రెండోసారి చూసి, ఒకదాని మీద ఒకటి పడ్డ బొమ్మ కాదన్నాడు. మేం అక్కడికి వెళ్ళడానికి ఏడాది ముందు తీసిన ఫొటోలోకి మా నీడలు ఎలా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలీదు. తెలుసుకోవాలని ఇప్పుడు లేదు కూడా.

నా బాధ వేరే. అమ్మ కదలకు అన్నా వినకుండా, ఎవరున్నారోనని నేను గబుక్కున వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. ఆ ఒక్క క్షణం నిలబడి ఉండాల్సింది.