డ్రమ్ము తాళంచెవి

మా ఆడబిడ్డ సుగుణమ్మ మీద నాకు వచ్చినంత కోపం నా మొగుడి మీద కూడా రాలేదు. చక్రాయపేట పక్క పల్లెలో పుట్టి, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, భర్త పోయాక మా వీధిలోనే ఒంటిగా ఉంటోంది. ఎవరేమన్నా తల వంచుకుని వెళ్లిపోయే మనిషి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, కొళాయి దగ్గర ఆమె బిందెను పక్కకు నెట్టనివాళ్లు వీధిలో లేరు. అడిగితే దేవుడు చూసుకుంటాడులే అంటుంది.

మా చర్చి సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేరిట ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. ఆదివారం వాటిని గుడికి తెచ్చి డ్రమ్ములో పోస్తుంది. దిక్కులేని ముసలివాళ్లకు ఆ బియ్యమే వండి పెడతాం. సన్నబియ్యం, రేషన్ స్టోరు బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయిన అలాంటి బియ్యం ఇంకెక్కడా కనబడదు. ఆ డ్రమ్ము తాళంచెవి ఏళ్ల తరబడి సుగుణమ్మ కొంగునే ఉండేది. లోకంలో ఆమెకున్న గౌరవమల్లా అదొక్కటే.

మొన్న ఎండాకాలంలో డ్రమ్ములో బియ్యం తరిగిపోయాయి. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లనే అడగాలని సంఘపెద్ద భార్య మాధురి అందరి ముందూ అనేసింది.  సుగుణమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి మాధురి చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. సాత్వికులకు భూమి దక్కుతుందని మా పాస్టరు అయ్యగారు చెబుతుంటారు. భూమి సంగతేమో గానీ, ఉన్న తాళంచెవి కూడా పోయింది. తప్పు చేయకపోతే ఎందుకు మాట్లాడలేదని అందరూ గుసగుసలాడారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది.

మర్నాడు తేల్చుకుందామని మాధురి ఇంటికి వెళ్లాను. ఆమె వసారాలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. చేటలో సన్నబియ్యం, స్టోరు బియ్యం, నూకలు. నన్ను చూసి చేట మీద కొంగు కప్పింది. తిట్టడానికి వెళ్లినదాన్ని, వెనక్కి తిరిగి నేరుగా సుగుణమ్మ దగ్గరికి వచ్చి పడ్డాను.

ఆమెకు అంతా ముందే తెలుసు. మాధురి భర్తకు పని పోయింది. ఆ సంగతి బయటపడకుండా ఆయన రోజూ క్యారియర్ పట్టుకుని పనికి పోతున్నట్టు ఊరు దాటి వెళ్లి వస్తున్నాడు. మాధురి డ్రమ్ము దగ్గర తచ్చాడడం చూసినప్పటి నుంచి సుగుణమ్మ దానికి తాళం వేయడమే మానేసింది.

"మరి నిన్ను దొంగను చేసింది కదా వదినా?" అన్నాను.

"భయపడి అనింది పద్మా. నాకు దేవుడుండాడు. ఆమెకు పరువు తప్ప ఏం లేదు."

నాకు బుర్ర తిరిగిపోయింది. ఇది సాత్వికమా, చేతకానితనమా? దేవుడు చూస్తూ ఊరుకున్నాడా, లేక ఆయన చూసుకునే పద్ధతే ఇంతా? ఆ వారమంతా కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు.

ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ అంతా కక్కేద్దామని లేచి నిలబడ్డాను. మాధురి ముఖం పాలిపోయింది. సుగుణమ్మ కళ్లు మూసుకుని ప్రార్థిస్తోంది. ఆ ప్రార్థన ఎవరికోసమో నాకు తెలుసు. అనుకున్నదొకటి, నా నోట వచ్చిందొకటి.

"మా వదిన దొంగ కాదు, దేవుని ఎదుట చెప్తాండా. ఇంగ మీదట అందరూ రెండు పిడికిళ్లు తీయండి. అడగలేక పస్తుండేవాళ్లు మన మధ్యనే ఉండారు."

ముందుగా ఆమేన్ అన్నది మాధురే. ఆరాధన అయ్యాక ఆమె ఏడుస్తూ వచ్చి తాళంచెవి సుగుణమ్మ ఒడిలో పెట్టబోయింది. సుగుణమ్మ మాధురి పిడికిలిని మూసేసింది.

"నీకాడనే పెట్టుకో తల్లీ. ఒకర్ని అడిగే పని లేకుండా తీసుకుందువు."

నా కోపం ఇంకా పోలేదు. ఎవరి మీదో మాత్రం నాకే తెలియడం లేదు. అయినా ఎసట్లో బియ్యం పోసేముందు నా చెయ్యి రెండోసారి డబ్బాలోకి పోతోంది.