ఒక్క షిఫ్టు తూకం

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో బట్టలుతికే విభాగం ఉంది. అక్కడివాళ్లు ఆవిడని పేరు పెట్టి పిలవరు, మరకల డాక్టరమ్మ అంటారు. దుప్పటి మీద మరక ఒక్కసారి చూసిందంటే చాలు, ఇది టీ, ఇది అయోడిన్, ఇది నిన్నటి రక్తం, ఇది పొద్దుటిది అని చెప్పేస్తుంది. రక్తానికి చన్నీళ్లే పొయ్యాలి, వేడినీళ్లు తగిలాయా ఇక అది దుప్పటితోనే కాపురం పెడుతుందని కొత్తవాళ్లకి పాఠం చెప్పేదీ ఆవిడే. పదిహేనేళ్లుగా అదే పని.

పోయినేడాది ఆవిడ ఎడమ పిక్క వాచింది. పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం కదా, అదే తగ్గుతుందిలే అనుకుంది. ఒకరోజు ఊపిరాడక బట్టల బండి మీదే కూలబడితే, కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందని తేల్చారు. బతికింది. రక్తం పలచబడే మాత్రలు రాసిచ్చి, ఏడాదిపాటు ఒక్కరోజు కూడా మానొద్దని, మానితే ప్రాణం మీదికొస్తుందని గట్టిగా చెప్పారు. అంతవరకు ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

ఆ మాత్ర వేసుకుంటే నెలసరి ఎలా ఉంటుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాలుగు రోజుల్లో తేలిపోయేది తొమ్మిది రోజులు పట్టింది. గంటకో ప్యాడ్ మార్చుకోవాలి. బాత్రూం రెండంతస్తుల పైన ఉంది, మెట్లెక్కేసరికి కళ్లు బైర్లు కమ్మేవి. గంట గంటకీ ఏమిటీ షికార్లని సూపర్‌వైజరు సణిగేవాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ కూర్చునేది కాదు. ఊరందరి మరకలూ వదిలించిన మనిషి, తన మరక ఎవరి కంట పడుతుందోనని బిక్కుబిక్కుమంటూ తిరిగింది. సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు, కానీ ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

నెలనెలా పరీక్షకి వెళ్లేది. డాక్టరు తల ఎత్తకుండా అచ్చు కాగితంలో ఉన్నవి అడిగేవాడు. ముక్కులోంచి రక్తం వస్తోందా, చిగుళ్లలోంచి వస్తోందా, మూత్రం ఎర్రగా ఉందా, విరేచనం నల్లగా ఉందా. లేదు, లేదు, లేదు, లేదు. రెండో నెలలో ఆవిడే ధైర్యం చేసి నెలసరి సంగతి ఎత్తింది. ఆడవాళ్లకి అది మామూలేనమ్మా అని ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు. మెట్లు దిగుతూ ఆవిడ ఫైలు విప్పి చూసింది. రక్తస్రావం లేదు, అని రాసి ఉంది.

ఒళ్లు మండిపోయింది. మండదా మరి? కింద ఆవిడ తొట్టిలో ముక్కు రక్తం, కాన్పు రక్తం, ఆపరేషన్ రక్తం అన్నీ ఒకటే, అన్నిటికీ అవే చన్నీళ్లు. పై అంతస్తులో మాత్రం ఒకచోటి నుంచి పోతే రక్తం, ఇంకోచోటి నుంచి పోతే మామూలు. అంత చదువు చదివి నేర్చుకున్నది ఇదా?

మొగుడు మంచివాడే గానీ ఈ మాట ఎత్తితే టీవీ వైపు తిరిగేవాడు. ఒంట్లో వేడి పోతోందిలే వదినా, అని ఆడపడుచు తేల్చేసింది. ఇక ఆవిడే ఒక దారి వెతుక్కుంది. నెలసరి రోజుల్లో మాత్ర మానేసింది. ఎవరితోనూ చెప్పలేదు. రెండు నెలలు హాయిగానే గడిచింది. మూడో నెల, మాత్ర మానిన మొదటిరోజునే ఎడమ పిక్క మళ్లీ బిగుసుకుంది. భయపడి ఆ పూటే మాత్ర మింగింది. తెల్లారేసరికి రక్తం ధార కట్టింది. మింగితే రక్తం పోయి చస్తుంది, మానితే గడ్డకట్టి చస్తుంది.

అప్పుడే పైకి పరిగెత్తాల్సింది. వెళ్తే మళ్లీ మామూలే అంటారని ఆగిపోయింది. దుప్పట్లు మడతపెట్టే పెద్దమ్మ ఆవిడ పాలిపోయిన మొహం చూసి, సంగతంతా విని, సబ్బుపొడి తూచే చిన్న కాటా తెచ్చి ముందు పెట్టింది.

"మన మాట వాళ్లు నమ్మరే. కాటా మాట నమ్ముతారు," అంది.

ఆ షిఫ్టులో మార్చిన ప్రతి ప్యాడ్‌నీ కవరులో చుట్టి తూచారు. ఉత్త ప్యాడ్ బరువు తీసేసి, మిగిలింది బట్టల మూటలకి కట్టే చీటీల మీద టైముతో సహా రాశారు. ఎనిమిది చీటీలయ్యాయి.

మర్నాడు పొద్దున్నే వాటిని డాక్టరు బల్ల మీద పరిచింది.

"నిన్న ఎనిమిది గంటల్లో నూట నలభై గ్రాముల రక్తం పోయింది సార్. ఇదే ముక్కులోంచి పోయుంటే మీరేం రాసేవారు?"

ఆయన చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. పిక్క సంగతి, మాత్ర మానిన సంగతి చెప్పగానే మాత్రం గొంతు లేచింది. ఎవర్నడిగి మానేశావన్నాడు.

"రక్తస్రావం లేదని మీరే రాశారు కదా సార్. లేనిదాని గురించి మిమ్మల్నేం అడగను?"

ఆ రోజే పరీక్షలు చేశారు. పిక్కలో కొత్తగా గడ్డ కట్టింది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది, రెండు సీసాలు ఎక్కించారు. ఆడవాళ్ల డాక్టరు వచ్చి మంచం మీద కూర్చుని చెప్పింది, ఈ మాత్రలు వాడే చాలామందికి ఇలా అవుతుందని, మాత్ర మానకుండానే మరో రకానికి మార్చొచ్చని, నెలసరి రక్తం తగ్గించడానికి వేరే మందులున్నాయని. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొత్త గడ్డ పుణ్యమా అని మాత్రల ఏడాది మళ్లీ మొదటిరోజు నుంచి మొదలైంది.

నాలుగు నెలలకి ఆవిడ తేరుకుంది. ఈసారి పరీక్షకి వెళ్తే కుర్చీలో కొత్త డాక్టరున్నాడు. కాగితం మాత్రం పాతదే. ముక్కు, చిగుళ్లు, మూత్రం, విరేచనం. లేదు, లేదు, లేదు, లేదు. సరేనమ్మా, వెళ్లిరండి అని ఆయన ఫైలు మూశాడు.

ఆవిడ లేవలేదు. తెరిచిన తలుపులోంచి చూస్తే, బయట బెంచీ పక్కన కాలేజీ పిల్ల ఒకతె అవే మాత్రల అట్ట పట్టుకుని నిలబడి ఉంది. బెంచీ ఖాళీగానే ఉంది. ఇంత ఉక్కలోనూ నడుముకి స్వెట్టరు కట్టుకుంది. మరకల డాక్టరమ్మకి ఒక్క చూపు చాలింది.

"ఇంకోటి అడగడం మర్చిపోయారు సార్. నెలసరి ఎలా ఉందని అడగండి. నాకిప్పుడు బాగానే ఉంది, అయినా అడగండి, రాయండి. నా వెనక వచ్చే పిల్లని కూడా అడగండి. అప్పటిదాకా నేను లేవను."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. దానికి గడి లేదన్నాడు. అంచున ఉన్న ఖాళీ జాగా ఆవిడ వేలుపెట్టి చూపించింది.